యంత్రముల మరణవాఙ్మూలము

2024వ సంవత్సరము జూలై 19వ తేదీ శుక్రవారమునాడు శంషాబాదు విమానాశ్రయమున ఒక వింత జరిగినది. కోట్ల రూపాయల యంత్రములు ఎదుట నుండగనే ఉద్యోగులు కలములు పుచ్చుకొని, ప్రయాణికుల పేర్లు, ఆసనముల సంఖ్యలు కాగితములపై చేతితో వ్రాసి ఇచ్చిరి. కంప్యూటర్ల తెరలు నీలవర్ణమును దాల్చి నిలిచిపోయినవి. అట్లు కుప్పకూలిన యంత్రములు లోకమంతట 85 లక్షల వఱకు ఉండునని మైక్రోసాఫ్టు సంస్థ అంచనా వేసినది.

ఎనిమిది దినములైన పిదప, అనగా జూలై 27వ తేదీన, అదే సంస్థ ఆ విపత్తునుగూర్చి ఒక విచారణను ప్రకటించెను. ఈ సంస్థకు అధిపతి మన హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ళగారే. క్రౌడ్‌స్ట్రైక్ అను వేఱొక సంస్థవారి రక్షణకార్యక్రమము తనకు చెందని స్మృతిస్థానమును చదువబోయి యంత్రమును కూల్చినదని అందు తేలినది. ప్రాణము పోయిన యంత్రములోని చివరి క్షణము వీరికెట్లు తెలిసినది? ఆ యంత్రములు కూలుచు కూలుచు తమ వాఙ్మూలమును వ్రాసి పెట్టుటచేతనే. దానిని ఆంగ్లేయులు డంపు అందురు. మన మాటలో గుమ్మరింపు.

కంప్యూటరునకు స్మృతి రెండు విధములు. మా చిన్నతనమున వీథిబడిలో ఇసుకపై అక్షరములు దిద్దెడివారము. చేయి రాచినచో చెరిగిపోవును. విద్యుత్తు ఉన్నంతసేపే నిలుచు మొదటి స్మృతి అట్టిది. రెండవది డిస్కు. అది తాటియాకుపై గంటముతో వ్రాసిన వ్రాత. యంత్రమును ఆపినను నిలుచును. పని యంతయు ఇసుకపైననే జరుగును. ఆ ఇసుకను చెరుపకమునుపే తాటియాకున కెక్కించుట యే గుమ్మరింపు.

కెర్నెల్ అనగా గింజలోని పప్పు. యంత్రములోని సకల వ్యవహారమును నడపు మూలకార్యక్రమమునకు ఆ పేరు పెట్టిరి. 1984లో పదవి రద్దగువఱకు మన గ్రామములలో కరణము ఉండెడివాడు గదా! ఎవరి భూమి ఎంత, ఎవరి హద్దు ఎక్కడ అని లెక్క చూచుట ఆయన పని. కెర్నెల్ అట్టిదే. తన లెక్కయే తప్పినదని గ్రహించిన క్షణమున కెర్నెల్ కలము క్రింద పెట్టును. ముందునకు సాగినచో మంచి లెక్కలను గూడ చెఱచునను భయముచేత తానై ఆగిపోవును. ఆ నీలవర్ణపు తెర యంత్రముయొక్క పిచ్చి కాదు, వివేకము.

ఈ గుమ్మరింపు చరిత్ర పాతదే. 1950 దశకమున స్మృతిని సన్నని అయస్కాంతపు ఉంగరములతో నల్లెడివారు. వానికి కోర్లని పేరు. అందలి సంఖ్యలన్నిటిని కాగితములపై అచ్చువేయించి, నిపుణులు వరుస వరుసగ పరిశీలించెడివారు. ఆ ఉంగరములు పోయి చాలకాలమైనను కోర్‌డంపు అను మాట మాత్రము పోలేదు. యూనిక్సు తొలిదినములలో స్మృతిని అయస్కాంతపు టేపుపై దింపెడివారు. 1980 ప్రాంతమున కాలిఫోర్నియాలోని బర్‌క్లీ పండితులు మఱియొక ఉపాయము పన్నిరి. డిస్కులో స్వాప్ అను తాత్కాలికస్థలము కలదు. యంత్రము మరల లేచిన పిదప అందలి పాత వ్రాత యెవరికిని అక్కఱ లేదు. కావున మరణసమయమున స్మృతిని అచ్చట గుమ్మరించి, మరల లేచినప్పుడు దానిని భద్రమైన దస్త్రముగ నకలు తీసెడి ఏర్పాటు చేసిరి. విండోసు యంత్రములును చాలవఱకు ఈ మార్గముననే నడచుచున్నవి.

కాని ఇందొక చిక్కు కలదు. వాఙ్మూలమును వ్రాయుచున్నదెవరు? మరణించుచున్న కెర్నెలే! దాని చేయి వణకుచున్నచో? డిస్కుపై వ్రాయు భాగమునకే రోగము సోకియున్నచో వాఙ్మూలము దక్కదు సరిగదా, తప్పుచోట వ్రాసి మంచి దస్త్రములనే పాడుచేయవచ్చును. లినక్సు కర్తలను చాలకాలము వెనుకాడజేసినది ఈ భయమే. 2005లో వారు కెడంప్ అను పద్ధతిని తమ కెర్నెల్‌లో చేర్చిరి. ఎరిక్ బీడర్మన్ అను నిపుణుడు నిర్మించిన కెక్సెక్ దీనికి ఆధారము, బెంగుళూరులోని ఐ.బి.యం. ఇంజనీర్ల కృషియు ఇందు ముఖ్యము.

ఆ పద్ధతి యిది. యంత్రము లేచినప్పుడే స్మృతిలో కొంత భాగమును వేఱుచేసి, అందు రెండవ కెర్నెల్‌ను నిద్రింపజేసి యుంచెదరు. మొదటి కెర్నెల్ ఆ భాగమును వాడుకొనదు. మొదటిది కూలినంతనే అధికారము రెండవదానికి పోవును. విద్యుత్తు ఆగదు గాన ఇసుక చెరుగదు. రెండవది తన చిన్న గదిలోనే కూర్చుండి, మృతుని యిల్లంతయు ఒక గ్రంథమువలె చదివి, డిస్కుపైనో దూరపు యంత్రముపైనో భద్రపఱచి, పిమ్మట యంత్రమును మామూలుగా లేపును. వేఱు గది యేల యందురా? కెర్నెల్ కూలినను దాని పరికరములకు ఆ సంగతి తెలియదు. పూర్వపు ఆజ్ఞప్రకారము స్మృతిలో ఇంకను వ్రాయుచునేయుండును. ఆ వ్రాత రెండవదానిపై పడకుండ ఈ గది కాపాడును. శవపంచనామాను శవము వ్రాయరాదు, పెద్దమనుషులు వ్రాయవలెను. ఈ చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిదే.

అంతయు దింపుటయు సాధ్యము కాదు. నేటి పెద్దయంత్రముల స్మృతి మిక్కిలి విస్తారము. కావున శూన్యపుటలను, ప్రజల సొంతపనుల పుటలను విడిచి, కెర్నెల్ లెక్కలను మాత్రము ఉంచుకొనుట కలదు. దీనివలన మఱియొక మేలు: గుమ్మరింపులో రహస్యపదములు, ఉత్తరములు సైతము దొరలవచ్చును, ఊరివారందఱికి చూపదగినది కాదు.

శంషాబాదును స్తంభింపజేసిన దోషము ఎంతటిదో తెలిసిన నవ్వు వచ్చును. ఇరువది విలువలు మాత్రమే అందించిన చోట, కొత్తగా వచ్చిన నియమము ఇరువది యొకటవదానిని చూడగోరినది. ఇరువది బస్తాలున్న కొట్టులో ఇరువది యొకటవ బస్తాకై చేయి చాచి పొరుగువాని గోడలో గుద్దుకొనినట్లు!

మా నందివెలుగునుండి తెనాలికి పింఛను కాగితమునకై నేనొకప్పుడు పోయితిని. కార్యాలయము పేరు వలదు. గుమాస్తా యంత్రము నీలమై, వివరములు సేకరించుచున్నానని నూటికి ఇంతయని అంకెలు చూపసాగినది. ముప్పది దాటకమునుపే అతడు విసిగి మీట నొక్కి ఆపివైచెను. మఱునాడు వచ్చిన మరమ్మతుదారు వెదకగా దస్త్రము లేదు. మూడు వారములు అదే రోగము, అదే మీట. నా కాగితము అచ్చటనే. చివరకు ఆ మరమ్మతుదారే గుమాస్తా ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండి, నూఱు నిండువఱకు అతని చేయి పట్టుకొనెను. ఆ సాయంకాలమే దోషము దొరకినది. పాతబడిన ముద్రణయంత్రపు కార్యక్రమము.