పోపులపెట్టెకి బీమా లేదు

మా అమ్మమ్మకి పోపులపెట్టే బ్యాంకు. మెంతుల గిన్నె అడుగున మడతలు పెట్టిన నోట్లుండేవి. తాతయ్య ఇచ్చిన ఇంటిఖర్చులో మిగిల్చినవి కొన్ని, పాలు పోసి సంపాదించుకున్నవి కొన్ని. ఎప్పుడు చూసినా ఇంగువ వాసన వేసేవి. "బ్యాంకులో వేస్తే వడ్డీ వస్తుంది కదా అమ్మమ్మా" అంటే, "వడ్డీ సంగతి సరేనే, అసలు వస్తుందా?" అనేది.

చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని. పెద్దయ్యాక బ్యాంకుల చరిత్ర నాలుగు పేజీలు తిరగేస్తే తెలిసింది, ఆవిడ అడిగిన దానికి మన దేశంలో 1962 దాకా ఎవరి దగ్గరా సమాధానం లేదని.

మన కోస్తా జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో ఆ పట్నంలో అర్బత్‌నాట్ కంపెనీ అని దొరల సంస్థ ఒకటుండేది. అటు వర్తకమూ చేసేది, ఇటు జనం డబ్బూ దాచేది. దొరల దగ్గర డబ్బుకి ఢోకా ఏమిటని పించను పుచ్చుకున్న ఉద్యోగులూ, ప్లీడర్లూ, భర్త పోయిన ఆడవాళ్ళూ తీసుకెళ్ళి అందులో వేసుకున్నారు. 1906 అక్టోబరు 22న ఆ కంపెనీ దివాలా తీసింది. జనం సొమ్ము ఎక్కడెక్కడి వ్యాపారాల్లోనో తగలేశారని తరవాత బయటపడింది. కంపెనీ పెద్ద సర్ జార్జి అర్బత్‌నాట్‌కి 18 నెలల కఠినశిక్ష వేశారు. బాగానే ఉంది. దొరగారు జైల్లో కూర్చుంటే ఆ వితంతువు ఇంట్లో పొయ్యి వెలుగుతుందా?

పరాయివాణ్ణి నమ్మి చెడ్డాం, మనవాళ్ళే బ్యాంకు పెడితే సరి అనిపించింది అప్పుడు. వి. కృష్ణస్వామి అయ్యరు వంటి మద్రాసు పెద్దలు పూనుకుని 1907లో ఇండియన్ బ్యాంకు పెట్టారు. 1923లో బందరులో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. మా వైపు చాలామందికి మొదటి పాసుపుస్తకం దానిదే. (2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయి, బోర్డు మీద పేరు మారిపోతే, పుట్టింటి పేరు చెరిపేసినట్టు బాధపడ్డవాళ్ళని నేనెరుగుదును.)

1935లో రిజర్వు బ్యాంకు వచ్చింది. 1949లో బ్యాంకులని అదుపులో పెట్టే చట్టమూ వచ్చింది. అయినా బ్యాంకు మునిగితే దాచుకున్నావిడకి ఏం మిగులుతుందన్న దానికి మాత్రం చట్టంలో చోటు లేదు.

అది రావడానికి ఇంకో బ్యాంకు మునగాల్సి వచ్చింది. కేరళలో పాలా అనే ఊరి పేరుతో వెలసిన పాలై సెంట్రల్ బ్యాంకు ఆ రాష్ట్రంలోకెల్లా పెద్దది. 1960 ఆగస్టు 8న రిజర్వు బ్యాంకు కోర్టుకెళ్ళి దాన్ని మూయించింది. పిల్ల పెళ్ళికని, ఇల్లు కట్టుకుందామని దాచుకున్నవాళ్ళు తెల్లబోయారు. ఆ ఏడాదే మహారాష్ట్రలో లక్ష్మీ బ్యాంకూ పోయింది. పేరు లక్ష్మే, ఏం లాభం! పార్లమెంటులో గొడవయింది. 1961లో డిపాజిట్ల బీమా చట్టం చేశారు, 1962 జనవరి 1 నుంచి అమలు. బ్యాంకు మునిగితే ఒక్కో ఖాతాదారుకి 1,500 రూపాయల దాకా బీమా సంస్థ ఇస్తుంది. బీమా రుసుము కట్టుకోవలసింది బ్యాంకే, మనం కాదు.

ఆ 1,500 తరవాత 1968లో 5,000, 1970లో 10,000, 1976లో 20,000, 1980లో 30,000, 1993లో లక్ష అయింది. అక్కడే ఆగిపోయింది, 27 ఏళ్ళు! 1993లో పది గ్రాముల బంగారం అయిదు వేల లోపే. 2020 నాటికి నలభై వేలు దాటింది. బంగారం లెక్కన చూస్తే ఆ లక్ష ఎంతకి చిక్కిపోయిందో నేను చెప్పక్కర్లేదు, ఆ లెక్కలు మనకి బాగానే వచ్చు.

దాన్ని పెంచడానికీ ఓ దెబ్బే కావలసి వచ్చింది. 2019 సెప్టెంబరులో పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకు మీద ఆంక్షలు పెట్టినప్పుడు, ఖాతాలో ఎన్ని లక్షలున్నా మొదట తీసుకోనిచ్చింది వెయ్యి రూపాయలే. ఆ బ్యాంకు గుమ్మాల ముందు ఏడ్చిన ముసలమ్మలని టీవీలో చూశాం. 2020 ఫిబ్రవరి 4న హామీ అయిదు లక్షలయింది. ఇలా ఆంక్షలు పడ్డ బ్యాంకులో బీమా సొమ్ము 90 రోజుల్లో అందాలని 2021లో చట్టం సవరించారు. అసలూ వడ్డీ కలిపే ఆ అయిదు లక్షలు, ఒకే బ్యాంకులో ఎన్ని శాఖల్లో వేసినా మొత్తం ఒక్కటిగానే లెక్క. ఇది తెలియక, వీధికో శాఖలో డిపాజిట్లు వేసి నిశ్చింతగా ఉన్నవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు.

ఇక పోపులపెట్టె సంగతి. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు చెల్లవన్నప్పుడు ఎన్ని ఇళ్ళల్లో మెంతుల గిన్నెల గుట్టు రట్టయిందో! ఆ ఏప్రిల్‌లోనే యూపీఐ పుట్టింది. కూరల బండి దగ్గర కూడా ఫోను చూపిస్తే చాలు. నాకూ చిల్లర బాధ తప్పిందని సంబరపడ్డాను.

2023లో పాత సోఫా అమ్ముదామని ఫోనులో ప్రకటన ఇచ్చాను. ఒకాయన బేరమాడకుండానే ఒప్పుకున్నాడు. అక్కడే అనుమానం రావాలి కదూ? "డబ్బు పంపుతున్నాను మేడమ్, పిన్ను కొట్టండి, మీ ఖాతాలో పడుతుంది" అన్నాడు. కొట్టాను. 9,500 రూపాయలు నా ఖాతాలోంచే పోయాయి. డబ్బు పుచ్చుకోడానికి పిన్ను అక్కర్లేదన్న సంగతి అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

ఇంట్లో చెబితే "చదువుకున్నదానివి" అంటారని భయం. నాలుగు రోజులు నోరు మెదపలేదు. అయిదో రోజు మా బ్యాంకుకి వెళితే గుమాస్తా జాలిగానే చెప్పాడు. అయిదు లక్షల బీమా బ్యాంకు మునిగితేనట, నేను మునిగితే కాదట. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఒకటుంది. బ్యాంకు తప్పయితే నష్టం బ్యాంకుదే. తప్పు బ్యాంకుదీ మనదీ కాక, మధ్యలో ఎవడో కాజేస్తే, మూడు పనిదినాల లోపల చెప్పాలి, అప్పుడు మనకి నష్టం లేదు. మన అజాగ్రత్తవల్ల పోయిందైతే, బ్యాంకుకి చెప్పేదాకా పోయినదంతా మనదే. "పోయిన గంటలోనే 1930కి ఫోను చేసుంటే, ఆ డబ్బు వాడు తీసుకోకముందే ఆపే వీలుండేదేమోనమ్మా" అన్నాడు. ఆ గంటలో నేను పెరట్లో కూర్చుని ఏడుస్తున్నాను.

అలా ఫోనులోనే ఎదుటి మనిషిని డబ్బు అడిగే పద్ధతిని మనుషుల మధ్య 2025 అక్టోబరు నుంచి ఆపేశారు. నాలాంటివాళ్ళు ఎందరు పోగొట్టుకున్నాకో!

అమ్మమ్మ పోపులపెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది. మూత లోపలివైపు 1930 అని రాసి ఒక చీటీ అంటించాను. మా ఆయన అదేదో సంవత్సరం అనుకుంటున్నారు. ఈ వ్యాసం అచ్చయితే చదువుతారు కామోసు. సోఫా ఇంకా వసారాలోనే ఉంది.