తొర్ర పీత (గ్లోబోనాటిస్ మాక్రోపస్)

చెట్టు తొర్రల్లో నిలిచిన వాననీటిలో బతికే చిన్న మంచినీటి పీత. లైబీరియా, గినీ వర్షారణ్యాలు దీని నెలవు. రాత్రివేళ తొర్ర దిగి నేలమీద మేత వెతుక్కుంటుంది.

అమెరికన్ శాస్త్రవేత్త మేరీ రాత్‌బన్ 1898లో దీన్ని తొలిసారి వర్ణించింది. మాక్రోపస్ అంటే పెద్ద పాదాలది. చెట్లెక్కే పీతకు పొడవాటి కాళ్లుండటం సబబే. గ్లోబోనాటిస్ ప్రజాతిని రిచర్డ్ బాట్ 1959లో నెలకొల్పాడు. ఉబ్బెత్తు డిప్ప, సన్నని కాళ్లు చూడగానే పోల్చుకోవడానికి పనికొస్తాయి. కానీ మంచినీటి పీతలన్నీ పైకి ఒకేలా కనిపించి తికమకపెడతాయి. అందుకే నిపుణులు మగపీతను వెల్లకిలా తిప్పి, పొట్టకింది మడత విప్పి, సంగమాంగాల ఆకృతిని పరిశీలిస్తారు. జాతిని తేల్చడంలో రంగుకన్నా ఆ సాక్ష్యమే గట్టిది.

అడవుల నరికివేతతో తొర్రలున్న ముసలి చెట్లు తగ్గిపోవడం దీనికి పెద్ద ముప్పు.