కంప్యూటర్ పెట్టెకు ఉక్కు రేకు ఎందుకొచ్చింది

సొంతంగా కంప్యూటర్ క్యాబినెట్ చేయించుకోవాలనుకునేవాళ్లు ముందుగా తేల్చుకోవాలనుకునేది ఒకటే: ఉక్కు రేకా, అల్యూమినియం రేకా? చర్చ వెంటనే బరువు మీదికీ బలం మీదికీ చల్లదనం మీదికీ మళ్లుతుంది. ఆ మూడూ చూసుకోవలసినవే. కానీ ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్లకు లోహపు తొడుగును తప్పనిసరి చేసింది వాటిలో ఏదీ కాదు, కంప్యూటర్ వెదజల్లే రేడియో రొద. ఆ చరిత్ర తెలిస్తే రేకు ఎంచుకునే పద్ధతే మారుతుంది. ఏ లోహమన్న ప్రశ్న కన్నా, రెండు పలకలు కలిసే చోట లోహం లోహానికి తగులుతోందా లేదా అన్న ప్రశ్న పెద్దదవుతుంది.

1977లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన యాపిల్ 2, టాండీ సంస్థ టీఆర్‌ఎస్-80 రెండూ ప్లాస్టిక్ పెట్టెల్లోనే వచ్చాయి. ప్లాస్టిక్ రేడియో తరంగాలను ఆపదు. టీఆర్‌ఎస్-80లో చప్పుడు చేసే ఏర్పాటు లేకపోవడంతో, పక్కన ఏఎం రేడియో పెట్టుకోమని చెప్పి, ఆ యంత్రం వెదజల్లే తరంగాలతోనే ఆటలకు శబ్దాలు పలికించిన ప్రోగ్రామర్లున్నారు. ఆడేవాళ్లకు అది వినోదం. దగ్గర్లో రేడియో వినేవాళ్లకు, టీవీ చూసేవాళ్లకు అది బెడద. టీవీకి నేరుగా తగిలించే యంత్రాల మీద అప్పటికే కఠిన నిబంధనలు ఉండటంతో, 1979లో వచ్చిన అటారీ 400, 800ల లోపల మందపాటి పోత అల్యూమినియం కవచం బిగించారు. అదే ఏడాది అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఇళ్లలో వాడే కంప్యూటర్లకూ తరంగ పరిమితులు విధించింది. వాటిని అందుకోలేక టీఆర్‌ఎస్-80 మోడల్ 1 1981 జనవరిలో మార్కెట్ నుంచి తప్పుకుంది. అదే ఏడాది ఆగస్టు 12న ఐబీఎం విడుదల చేసిన పీసీ ఉక్కు రేకు తొడుగుతో వచ్చింది. దాని బాటలో వచ్చిన యంత్రాల్లో చాలా వాటికి అదే నమూనా అయింది.

తరంగాన్ని ఆపడానికి మందపాటి రేకు అక్కర్లేదు. 1 మెగాహెర్ట్జ్ తరంగం అల్యూమినియంలో సుమారు 0.08 మి.మీ. లోపలికి పోయేసరికే మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ మాత్రమే మిగులుతుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఆ లోతు ఇంకా తగ్గుతుంది. చిక్కంతా సందులతోనే. సందు విషయంలో వెడల్పు కన్నా పొడవు ముఖ్యం. 1 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 30 సెం.మీ. అందులో సగం, అంటే 15 సెం.మీ. పొడవున్న చీలిక ఎంత సన్నగా ఉన్నా యాంటెన్నాలా పనిచేసి తరంగాన్ని బయటికి పంపగలదు. అందుకే గాలి ఆడటానికి పొడుగాటి చీలికల కన్నా చిన్న గుండ్రటి రంధ్రాలు మేలు. పలకల అంచుల్లో స్ప్రింగు నాలుకలు లేపేదీ ఈ సందును ముక్కలు చేయడానికే. ఫ్యాక్టరీ క్యాబినెట్లలో ఎక్కువగా వాడే జింకు పూత ఉక్కు రేకు గొప్పదనం కూడా ఇక్కడే కనిపిస్తుంది. జింకు తుప్పు పట్టనివ్వదు, కత్తిరించిన అంచును కొంతమేర కాపాడుతుంది, కరెంటునూ పారనిస్తుంది. కాబట్టి లోపలివైపు రంగు వేయకుండా వదిలేయవచ్చు. జింకు పూత లేని మామూలు సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు రేకు తెచ్చి లోపలా బయటా పౌడర్ కోటింగ్ వేయిస్తే ప్రతి అతుకులోనూ కరెంటు పారని పొర చేరుతుంది. అల్యూమినియం మీది అనోడైజింగ్ కూడా అలాంటి పొరే. కంటికి మూసిన పెట్టె, తరంగాలకు మాత్రం విడివిడి పలకలు.

అల్యూమినియం వేడిని ఉక్కు కన్నా కొన్ని రెట్లు బాగా మోస్తుంది, కాబట్టి దాన్నే ఎంచుకోవాలని కొందరంటారు. లోహం గుణంగా చూస్తే అది నిజమే. కానీ ప్రాసెసర్ క్యాబినెట్ గోడను తాకి ఉండదు. దాని వేడి హీట్‌సింక్‌లోకి, అక్కణ్ణుంచి గాలిలోకి, ఫ్యాన్ల గుండా బయటికి పోతుంది. అల్యూమినియం పెట్టెకు పేరుపొందిన యాపిల్ పవర్ మ్యాక్ జీ5లోనే 2003లో నాలుగు విభాగాలు, తొమ్మిది ఫ్యాన్లు పెట్టారు. ఫ్యాన్లు లేకుండా హీట్‌పైపులతో వేడిని గోడకే చేర్చే పెట్టెల సంగతి వేరు. మిగతా చోట్ల అల్యూమినియంతో కలిసొచ్చేది బరువు. వంగకుండా నిలిచే గుణంలో అది ఉక్కులో మూడో వంతే అయినా, పలక బిగువు మందపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అందువల్ల 1 మి.మీ. ఉక్కుకు 1.45 మి.మీ. అల్యూమినియం సరితూగుతుంది, బరువు సగానికి దిగుతుంది. మందాన్ని గేజి నంబరుతో చెప్పి కొంటే ఈ లెక్క తప్పుతుంది. అమెరికా పట్టికల్లో 18 గేజి ఉక్కు 1.21 మి.మీ., 18 గేజి అల్యూమినియం 1.02 మి.మీ. మిల్లీమీటర్లలో అడగడమే క్షేమం. గట్టిదని 6061-టీ6 రకం అల్యూమినియం తీసుకుంటే బిగువైన మడత దగ్గర పగులుతుంది. మడతలకు 5052 రకం అనువైనది.

ఇప్పుడు ఒక పక్కంతా గాజు పలక ఉన్న క్యాబినెట్లు అమ్ముతున్నారు, కంప్యూటర్లు చక్కగా నడుస్తున్నాయి, ఇంకా ఈ జాగ్రత్తలెందుకని అడగవచ్చు. బలమైన ప్రశ్నే. నేటి మదర్‌బోర్డుల లోపల పొరలుగా పరిచిన గ్రౌండ్ రాగి రొదను చాలావరకు పుట్టినచోటే అణిచేస్తుంది. అయితే ‘నడుస్తోంది’ అన్నది యజమాని చూసుకునే కొలత. టీఆర్‌ఎస్-80 కూడా యజమాని బల్ల మీద చక్కగానే నడిచింది. నిబంధన పుట్టింది పక్కవాళ్ల కోసం. సొంత వాడకానికి ఐదుకు మించకుండా చేసుకుని, అమ్మకానికి పెట్టని యంత్రాలకు ముందస్తు అనుమతి అక్కర్లేదని అమెరికా నిబంధనలు చెబుతాయి. చేసేవాళ్లు మంచి ఇంజినీరింగ్ పద్ధతులు పాటించి, వీలైనంతవరకు పరిమితుల్లో ఉండాలని మాత్రం కోరతాయి. పరీక్షించేవాళ్లు లేని చోట బాధ్యత చేసేవాళ్లదే. ఆ బాధ్యత తీసుకునేవారికి 1 మి.మీ. జింకు పూత ఉక్కు రేకు మొదటి ఎంపిక కావాలి. బరువు తగ్గాలంటే 1.5 మి.మీ. 5052 అల్యూమినియం. ఏది కొన్నా, మరలు పట్టే చోటా అంచులు కలిసే చోటా రంగు పడకుండా ముందే టేపు వేయించాలి. క్యాబినెట్ కవచమయ్యేది ఆ కొద్దిపాటి పూతలేని లోహం వల్లే.