కహ్నవాకే బడుల మధుమేహ నివారణ ప్రాజెక్టు

కెనడాలో మాంట్రియల్ నగరం పక్కనే, సెయింట్ లారెన్స్ నది దక్షిణపు ఒడ్డున ఉన్న మోహాక్ ఆదివాసుల ఊరు కహ్నవాకే. వాళ్ల భాషలో ఆ పేరుకు ‘వడినీళ్ల దగ్గర’ అని అర్థం. తమ పిల్లలకు షుగరు జబ్బు రాకూడదని ఈ ఊరు 1994లో విశ్వవిద్యాలయాల పరిశోధకులతో కలిసి మొదలుపెట్టిన పని ఇది.

బీజం అంతకు దాదాపు పదేళ్ల ముందే పడింది. ఊళ్లోని కటేరి మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు లూయీ మోంటూర్, ఆన్ మెకాలే రోగుల రికార్డులు తిరగేసి, 45–64 ఏళ్ల వారిలో 12 శాతం మందికి మధుమేహం ఉందని 1985లో ప్రకటించారు. దేశ సగటుకు అది దాదాపు రెట్టింపు. లెక్కలను వైద్యపత్రికకు పంపి వదిలేయక, వాటిని తెచ్చి ఊరి ముందు పెట్టారు. అప్పటిదాకా తప్పించుకోలేని జబ్బనుకున్న మధుమేహాన్ని ఆపవచ్చని పెద్దలకు అర్థమైంది. పిల్లల కోసం ఏదైనా చేయమని అడిగింది వాళ్లే.

అలా అడిగే అవకాశం అన్ని ఊళ్లకూ దక్కలేదు. అమెరికాలోని అరిజోనాలో హవాసుపాయి ఆదివాసులు 1990 నుంచి షుగరు మీద అధ్యయనం కోసమని నమ్మి రక్తమిచ్చారు. ఆ రక్తాన్నే స్కిజోఫ్రీనియా మీద, వాళ్ల పూర్వికుల వలసల మీద పరిశోధనలకు వాడారు. 2010లో రాజీ కుదిరి పరిహారంతో పాటు మిగిలిన నమూనాలు చేతికొచ్చేదాకా వాళ్లు పోరాడాల్సి వచ్చింది.

కహ్నవాకే ముందే జాగ్రత్తపడింది. ఊరివాళ్లతో ఏర్పడిన సలహా మండలి, పరిశోధకులు కలిసి ఒక నియమావళి రాసుకున్నారు. సమాచారం మీద ఊరికీ హక్కు ఉంటుంది. ఫలితాలు ముందు ఊరికి చెప్పాకే బయటికి వెళ్లాలి. అర్థం చెప్పడంలో ఇరుపక్షాలకూ పొసగకపోతే, రెండో పక్షం మాట కూడా అచ్చులో రావాలి. ఈ చివరి నిబంధనే అన్నిటికన్నా విలువైనది. ఎందుకంటే ఊరి అభ్యంతరం ఇక ఎవరి బీరువాలోనూ మూలపడదు.

ఒకటి నుంచి ఆరో తరగతి వరకు ఆరోగ్య పాఠాలను టీచర్లే చెప్పారు. చిరుతిళ్లకు, తీపి పానీయాలకు బడి గేటు దగ్గరే అడ్డుకట్ట పడింది. నడక బాట వేశారు. పిల్లలొక్కరే మారితే చాలదని ఇళ్లను, దుకాణాలను, ఆటస్థలాలను కూడా కలుపుకున్నారు. మొదటి మూడేళ్ల ప్రభుత్వ గ్రాంటు 1997లో అయిపోయినా పని ఆగలేదు.

ఫలితాలను దాచలేదు. 2005లో అచ్చయిన ఎనిమిదేళ్ల నివేదిక ప్రకారం కొవ్వు, చక్కెర ఎక్కువున్న కొన్ని పదార్థాలను పిల్లలు తగ్గించారు. చర్మం కింది కొవ్వు కొలతల్లో మొదట్లో కొంత మేలు కనిపించింది. కానీ పిల్లల బరువు సూచిక మాత్రం పెరుగుతూనే పోయింది. చుట్టూ ఉన్న తిండి మార్కెట్టు ఎంత బలమైనదో ఆ అంకెలు చెబుతాయి. ఊరు ఆ నిరాశను కూడా తన పేరుతోనే అచ్చు వేయించింది.

తర్వాత మిగతా దేశమూ ఈ వైపే నడిచింది. సమాచారం మీద యాజమాన్యం, అదుపు, అందుబాటు, స్వాధీనం తమవేనని కెనడా ఆదివాసీ సంఘాలు 1998లో సూత్రీకరించాయి. 2010లో దేశవ్యాప్త పరిశోధనా నైతిక విధానంలో ఆదివాసుల కోసం ప్రత్యేక అధ్యాయం చేరింది. కహ్నవాకే మాత్రం 2007లో తన నియమావళిని మళ్లీ విప్పి, సవరించి రాసుకుంది.