కత్తెర, కురులు, స్వేచ్ఛ: బాబ్ కేశశైలి సామాజిక చరిత్ర

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- పాశ్చాత్య సమాజంలో స్త్రీల పొడవైన జుట్టుకు ఉన్న సామాజిక అర్థాన్ని వివరించగలుగుతారు.
- బాబ్ కేశశైలి పుట్టుకను గురించిన వేర్వేరు కథనాలను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.
- జుట్టుకు ఒత్తునూ కదలికనూ ఇచ్చే కత్తిరింపు పద్ధతులు ఎలా రూపొందాయో తెలుసుకుంటారు.
- కేశశైలిని చరిత్ర రచనకు ఆధారంగా ఎలా ఉపయోగించుకోవచ్చో అర్థం చేసుకుంటారు.

1.1 పరిచయం

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు గుర్తుకు వస్తాయి. కానీ సామాన్య ప్రజల శరీరాలకూ చరిత్ర ఉంది. ఏ దుస్తులు వేసుకోవాలి, జుట్టు ఎంత ఉంచుకోవాలి అనేవి పైకి సొంత ఇష్టాలుగా కనిపిస్తాయి. నిజానికి వాటి వెనుక కుటుంబం, మతం, మార్కెట్టు, చట్టం పనిచేస్తూ ఉంటాయి. చెవి కింది నుంచి మెడ వరకు వచ్చేటట్లు కత్తిరించే జుట్టును బాబ్ అంటారు. మన వాడుకలో దీన్నే 'బాబ్డ్ హెయిర్' అంటున్నాం. ఈ రోజు బ్యూటీ పార్లర్లలో ఎక్కువగా అడిగే టెక్స్చర్డ్ బాబ్, అంటే పొరలు పొరలుగా కత్తిరించి నిండుగా, కదిలేటట్లు చేసే బాబ్, ఒక్క రోజులో వచ్చింది కాదు. స్త్రీ జుట్టుపై నిర్ణయం ఎవరిది అనే ప్రశ్న చుట్టూ దాదాపు నూరేళ్ల పాటు సాగిన వాదోపవాదాలు దాని వెనుక ఉన్నాయి.

1.2 పొడవు జుట్టు: మర్యాద, శ్రమ

19వ శతాబ్దపు యూరప్, అమెరికా ఉన్నత, మధ్యతరగతి కుటుంబాలలో ఆడపిల్లలు జుట్టును వదులుగా విడిచేవారు. యుక్తవయస్సు రాగానే దాన్ని పైకెత్తి ముడి వేసేవారు. ముడి వేసుకోవడమంటే బాల్యం ముగిసి వివాహానికి తగిన వయస్సు వచ్చిందని అర్థం. బహిరంగంగా జుట్టు విరబోసుకోవడం మర్యాద కాదు. కత్తిరించుకోవడం ఇంకా పెద్ద తప్పు.

ఆ కాలంలోనూ ఒత్తయిన జుట్టుకే విలువ. అయితే ఆ ఒత్తును కత్తిరింపుతో సాధించలేదు, అదనంగా చేర్చిన జుట్టుతో సాధించారు. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఒక చిన్న పాత్రలో దాచి, ఉండలుగా చుట్టి ముడి లోపల పెట్టేవారు. మన ఇళ్లలో సవరం చేసిన పని అదే. 1872 ప్రాంతంలో పారిస్‌లో మార్సెల్ గ్రాటో వేడి ఇనుప పటకారుతో జుట్టులో అలలు తెచ్చే పద్ధతిని రూపొందించాడు. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో జర్మనీకి చెందిన కార్ల్ నెస్లర్ లండన్‌లో విద్యుత్తుతో వేడిచేసే కడ్డీలను ఉపయోగించి 'పర్మనెంట్ వేవ్'ను ప్రదర్శించాడు. స్త్రీలు బరువైన కడ్డీల కింద గంటల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. అందంగా కనిపించడానికి ఇంత సమయమూ శ్రమా అవసరమయ్యాయన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

1.3 బాబ్ పుట్టుక: భిన్న కథనాలు

బాబ్‌ను ఎవరు కనిపెట్టారు అన్న ప్రశ్నకు కనీసం మూడు సమాధానాలు వినిపిస్తాయి.

మొదటిది పారిస్ కథనం. పోలండ్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన కేశాలంకరణకారుడు ఆంటోయిన్, 1909లో జోన్ ఆఫ్ ఆర్క్ రూపం స్ఫూర్తితో తానే ఈ శైలిని తెచ్చానని చెప్పుకున్నాడు. రెండవది అమెరికా కథనం. ప్రసిద్ధ నర్తకి ఐరీన్ కాజిల్ శస్త్రచికిత్సకు ముందు, కోలుకునే రోజుల్లో సౌకర్యంగా ఉంటుందని జుట్టు కత్తిరించుకుంది. 1915 నాటికి 'కాజిల్ బాబ్' అనే పేరు అమెరికాలో వ్యాప్తి చెందింది. మూడవది మొదటి ప్రపంచ యుద్ధ కథనం. ఆయుధ కర్మాగారాలలో పనిచేసిన స్త్రీలకు పొడవు జుట్టు యంత్రాల దగ్గర ప్రమాదకరం కాబట్టి పొట్టి జుట్టు వాడుకలోకి వచ్చిందని దీని సారాంశం.

ఈ మూడు కథనాలలో ఒకదాన్నే ఎంచుకోవలసిన అవసరం లేదు. ఆంటోయిన్ మాట ఒక వృత్తి నిపుణుడు తన ఖ్యాతి కోసం చెప్పుకున్నది. ఐరీన్ కాజిల్ కథ పత్రికలు, నృత్య ప్రదర్శనలు ఫ్యాషన్‌ను ఎలా వ్యాపింపజేశాయో చెబుతుంది. యుద్ధ కథనం ఆర్థిక కారణాన్ని చూపుతుంది. అయితే కర్మాగారాలలో చాలామంది స్త్రీలు జుట్టును టోపీలో దాచుకొని పనిచేశారు. కాబట్టి యుద్ధం ఒక్కటే కారణమనలేం. ఫ్యాషన్‌కు ఒకే ఆవిష్కర్త ఉండడం అరుదు. సమాజం సిద్ధంగా ఉన్నప్పుడు చాలాచోట్ల ఒకేసారి మార్పు మొదలవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
(అ) 19వ శతాబ్దపు పాశ్చాత్య సమాజంలో యువతి జుట్టు ముడి వేసుకోవడం దేనికి సంకేతం?
(ఆ) ఆంటోయిన్ కథనాన్ని చరిత్రకారుడు ఏ దృష్టితో పరిశీలించాలి?

1.4 1920 దశకం: జుట్టుపై జరిగిన పోరాటం

యుద్ధం ముగిసిన తరువాత బాబ్ ఒక తరానికి గుర్తుగా మారింది. 1920లో అమెరికా స్త్రీలకు జాతీయ స్థాయిలో ఓటుహక్కు రాజ్యాంగబద్ధమైంది. అదే సంవత్సరం స్కాట్ ఫిట్జెరాల్డ్ రాసిన 'బెర్నీస్ బాబ్స్ హర్ హెయిర్' అనే కథ వెలువడింది. జుట్టు కత్తిరించుకుంటానని చెప్పి అందరి దృష్టినీ ఆకర్షించిన యువతి, చివరకు నిజంగా కత్తిరించుకోవలసి వచ్చి చిక్కుల్లో పడడం దీనిలో వస్తువు. 1922లో ఫ్రాన్స్‌లో విక్టర్ మార్గరిట్ 'లా గార్సోన్' నవల ప్రచురించాడు. పొట్టి జుట్టుతో స్వేచ్ఛగా జీవించే యువతి కథ అది. ఆ నవల రేపిన దుమారంలో రచయితకు ఇచ్చిన లీజియన్ ఆఫ్ ఆనర్ గౌరవాన్ని వెనక్కి తీసుకున్నారు.

సినిమా ఈ శైలిని గ్రామాల వరకు తీసుకువెళ్లింది. కొలీన్ మూర్, లూయీస్ బ్రూక్స్ వంటి నటీమణుల నుదుటి మీద నేరుగా కత్తిరించిన ముంగురులు, చెంపలను తాకే నల్లని జుట్టు ఆ దశకానికి ముఖచిత్రమయ్యాయి. 1924లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో దుకాణాలను దోచుకున్న సీలియా కూనీకి పత్రికలు పెట్టిన పేరు 'బాబ్డ్ హెయిర్ బందిపోటు'. తుపాకి కన్నా జుట్టే పెద్ద వార్త అయిందంటే ఆ నాటి సమాజం పొట్టి జుట్టును ఎంత అనుమానంగా చూసిందో గ్రహించవచ్చు.

ఈ వివాదానికి చక్కని ఆధారం 1927 ఏప్రిల్ నాటి 'పిక్టోరియల్ రివ్యూ' పత్రిక. ఆ సంచికలో గాయని మేరీ గార్డెన్ తాను జుట్టు ఎందుకు కత్తిరించుకున్నదీ, సినీ నటి మేరీ పిక్‌ఫోర్డ్ తాను ఎందుకు కత్తిరించుకోనిదీ వేర్వేరు వ్యాసాలలో వివరించారు. మరుసటి సంవత్సరం, 1928లో, పిక్‌ఫోర్డ్ కూడా తన ప్రసిద్ధమైన ఉంగరాల జుట్టును కత్తిరించుకుంది. అది వార్తాపత్రికలలో ప్రముఖంగా వచ్చింది. వ్యతిరేకించినవారే ఒక ఏడాదిలో అనుసరించడం ఆ మార్పు వేగాన్ని తెలుపుతుంది.

వృత్తులపైనా దీని ప్రభావం పడింది. స్త్రీల కేశాలంకరణకారులకు పొడవు జుట్టును అమర్చడం వచ్చుగానీ కత్తిరించడం అంతగా రాదు. అందువల్ల స్త్రీలు పురుషుల క్షౌరశాలలకు వెళ్లారు. అంతవరకు పురుషులకే పరిమితమైన ఆ స్థలంలోకి స్త్రీలు ప్రవేశించడం మరో వివాదానికి దారితీసింది. చైనాలో షాన్‌డాంగ్ ప్రాంతపు చెఫూ రేవు చుట్టుపక్కల స్త్రీలు పాశ్చాత్య దేశాల కోసం వెంట్రుకలతో హెయిర్ నెట్లు అల్లేవారు. ముడులు పోవడంతో ఆ నెట్లకు గిరాకీ పడిపోయింది. ఒకచోట కత్తెర ఆడితే మరోచోట కూలి పోయింది.

1.5 ఆసియా అనుభవం

పొట్టి జుట్టు అర్థం అన్ని దేశాలలో ఒకటి కాదు. జపాన్‌లో పురుషులు సంప్రదాయ శిఖను తీసివేయడాన్ని ప్రభుత్వం ప్రోత్సహించింది. కానీ కొందరు స్త్రీలు అదే పని చేయగానే 1872లో టోక్యో పాలకులు దాన్ని నిషేధించారు. ఆధునికత పురుషులకు విధి, స్త్రీలకు నేరం అయిందన్నమాట. 1920 దశకంలో 'మోగా' అని పిలిచిన ఆధునిక యువతులు మళ్లీ బాబ్‌ను స్వీకరించారు. చైనాలో 1919 మే నాలుగు ఉద్యమం తరువాత విద్యార్థినులు జుట్టు కత్తిరించుకున్నారు. 1927లో కమ్యూనిస్టులపై అణచివేత సాగినప్పుడు, కొన్ని ప్రాంతాలలో పొట్టి జుట్టునే విప్లవకారిణి గుర్తుగా భావించి స్త్రీలను చంపారు.

మన ప్రాంతంలో ఈ ప్రశ్న మరో రూపంలో ఉంది. తెలుగు సమాజంలో బ్రాహ్మణ తదితర కొన్ని కులాలలో భర్త చనిపోయిన స్త్రీకి బలవంతంగా శిరోముండనం చేయించేవారు. 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం కాలంలో, జుట్టు ఉంచుకోవడమే స్త్రీ హక్కుగా ఉండేది. పాశ్చాత్య యువతికి కత్తిరించుకోవడం స్వేచ్ఛ అయితే, ఇక్కడి వితంతువుకు కత్తిరించకుండా ఉంచుకోవడం స్వేచ్ఛ. మరోవైపు తిరుమలలో భక్తురాలు తనంతట తాను తలనీలాలు సమర్పిస్తుంది. అందువల్ల జుట్టు పొడవును చూసి కాక, నిర్ణయం ఎవరు తీసుకున్నారో చూసి చరిత్రకారుడు అర్థం చెప్పాలి.

1.6 అమరిక నుంచి కత్తిరింపుకు: విడాల్ ససూన్

రెండవ ప్రపంచ యుద్ధానంతరం పొట్టి జుట్టు కొనసాగినా శ్రమ తగ్గలేదు. 1950 దశకంలో మధ్యతరగతి స్త్రీలు వారం వారం సెలూన్‌కు వెళ్లి, రోలర్లు చుట్టించుకొని, డ్రయ్యర్ టోపీ కింద కూర్చొని, లక్కలాంటి స్ప్రే కొట్టించుకొని వచ్చేవారు. జుట్టు ఎత్తుగా, నిండుగా ఉండేది గానీ కదిలేది కాదు. గాలి వీచినా, వాన పడినా శ్రమంతా వృథా.

ఈ పద్ధతిని మార్చినవాడు విడాల్ ససూన్. 1928లో లండన్‌లో పేద యూదు కుటుంబంలో పుట్టి, కొంతకాలం అనాథాశ్రమంలో పెరిగి, 14 ఏళ్లకే సెలూన్‌లో పనికి చేరాడు. 1954లో బాండ్ స్ట్రీట్‌లో సొంత సెలూన్ తెరిచాడు. బౌహౌస్ వాస్తుశిల్పం తనపై ప్రభావం చూపిందని ఆయన చెప్పాడు. అలంకారాన్ని పైనుంచి చేర్చడం కాక, ఎముకల నిర్మాణాన్ని బట్టి కోతలోనే రూపం తేవాలన్నది ఆయన సిద్ధాంతం. 1963లో నటి నాన్సీ క్వాన్ పొడవైన జుట్టును ఆయన బాబ్‌గా కత్తిరించినప్పుడు ఆ ఛాయాచిత్రాలు ప్రపంచమంతా తిరిగాయి. 1964లో 'ఫైవ్ పాయింట్' కత్తిరింపు వచ్చింది. తల ఊపితే జుట్టు కదిలి, మళ్లీ తన స్థానానికి తానే వచ్చేది. తలస్నానం చేసి ఆరబెట్టుకుంటే చాలు. ఉద్యోగం చేసే స్త్రీకి వారానికి కొన్ని గంటలు మిగిలాయి.

1.7 ఒత్తు, కదలిక: టెక్స్చర్డ్ బాబ్

ససూన్ బాబ్ గీత గీసినట్లు ఉండేది. 1970 దశకంలో ఆయన శిష్యులు, సమకాలికులు దాన్ని మెత్తబరిచారు. 1974లో ట్రెవర్ సోర్బీ ససూన్ సంస్థలో ఉండగా 'వెడ్జ్' రూపొందించాడు. 1976 ఇన్స్‌బ్రుక్ శీతాకాల ఒలింపిక్స్‌లో స్కేటింగ్ స్వర్ణం గెలిచిన డొరొతీ హామిల్ ఆ రకం జుట్టుతో గిరగిర తిరుగుతుంటే టెలివిజన్ ప్రేక్షకులు కదలిక అంటే ఏమిటో కళ్లారా చూశారు.

దీని వెనుక ఉన్న సూత్రం సరళమైనది. వెంట్రుకలన్నీ ఒకే గీత వద్ద ముగిస్తే బరువంతా అడుగున చేరుతుంది. పైభాగం తలకు అంటుకుపోతుంది, కింది భాగం త్రికోణంలా విచ్చుకుంటుంది. జుట్టును కొంత కోణంలో ఎత్తి పట్టుకొని కత్తిరిస్తే లోపలి వెంట్రుకలు పొట్టివై, పైవాటికి ఆసరాగా నిలుస్తాయి. ఒత్తు అక్కడి నుంచి వస్తుంది. కత్తెరను అడ్డంగా కాక నిలువుగా పట్టుకొని కొనలలో మొనతో కోస్తే గీత చెదిరి, పాయలు విడివిడిగా ఊగుతాయి. కదలిక అక్కడి నుంచి వస్తుంది. ఉంగరాల జుట్టుకు బరువు తగ్గితే సుడులు పైకి లేస్తాయి. కాబట్టి ఒకే కోత అందరికీ ఒకే ఫలితం ఇవ్వదు. 19వ శతాబ్దంలో లోపల ఉండలు పెట్టి తెచ్చిన నిండుదనాన్ని ఇప్పుడు కొంత జుట్టు తీసివేసి తెస్తున్నారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
(అ) 1950 దశకపు అమరికకూ ససూన్ కత్తిరింపుకూ గల ప్రధాన భేదం ఏమిటి?
(ఆ) పొరలుగా కత్తిరిస్తే జుట్టు ఎందుకు ఒత్తుగా కనిపిస్తుంది?

1.8 విమర్శనాత్మక పరిశీలన

బాబ్ స్త్రీకి స్వేచ్ఛనిచ్చిందా? పిన్నులు, ముడులు, రోలర్ల నుంచి విముక్తి కలిగించిన మాట నిజం. కానీ జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రూపం నిలవాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి సెలూన్‌కు వెళ్లక తప్పదు. ఇంట్లో తల్లి, అక్క చేసిన పనికి ఇప్పుడు డబ్బు చెల్లించాలి. పొట్టి జుట్టు ఒక పెద్ద సౌందర్య పరిశ్రమకు పునాది వేసింది.

అంతేకాక 1920ల బాబ్ సాఫీ జుట్టునే ఆదర్శంగా నిలిపింది. నల్లజాతి స్త్రీలు ఆ రూపం కోసం జుట్టును సాగదీసి చదును చేయవలసి వచ్చింది. పారిస్‌లో పేరు పొందిన జోసఫిన్ బేకర్ తలకు అతుక్కుపోయే నిగనిగలాడే జుట్టు ఎంత ప్రసిద్ధమైందంటే, ఆమె పేరుతో 'బేకర్‌ఫిక్స్' అనే తైలం అమ్మకానికి వచ్చింది. 1928లో నల్లజాతి మహిళ మార్జొరీ జాయ్‌నర్ పర్మనెంట్ వేవ్ యంత్రానికి పేటెంటు పొందింది. అయితే హక్కులు ఆమె పనిచేసిన సంస్థకే దక్కాయి. సహజమైన ఉంగరాలనే అందంగా భావించి, వాటికి తగినట్లు కత్తిరించే ధోరణి బలపడడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది.

1.9 సారాంశం

బాబ్ చరిత్రలో మూడు దశలు కనిపిస్తాయి. మొదటి దశలో కత్తిరించుకోవడమే తిరుగుబాటు. రెండవ దశలో కోతలోని నైపుణ్యం రోజువారీ శ్రమను తగ్గించింది. మూడవ దశలో ఒక్కొక్కరి జుట్టు స్వభావాన్ని బట్టి ఒత్తు, కదలిక తెచ్చే పద్ధతులు వచ్చాయి. అన్ని దశలలోనూ స్వేచ్ఛతోపాటు కొత్త ఖర్చు, కొత్త కట్టుబాటు వచ్చాయి. జపాన్, చైనా, తెలుగు సమాజాల అనుభవం చూస్తే, జుట్టు పొడవు స్వేచ్ఛకు కొలమానం కాదని, ఎంపిక ఎవరి చేతిలో ఉన్నదన్నదే కొలమానమని తెలుస్తుంది.

1.10 ముఖ్య పదాలు

బాబ్: చెవి, మెడల మధ్య ముగిసేటట్లు కత్తిరించిన జుట్టు.
పర్మనెంట్ వేవ్: వేడి, రసాయనాల సాయంతో జుట్టులో చాలాకాలం నిలిచే అలలు తెచ్చే పద్ధతి.
వెడ్జ్: వెనుక భాగంలో పొరలు చేరి ఆప్పు ఆకారంలో నిండుగా కనిపించే పొట్టి కత్తిరింపు.
మోగా: 1920 దశకపు జపాన్‌లో ఆధునిక యువతికి వాడుకలో ఉన్న పేరు.

1.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1920 దశకంలో బాబ్ కేశశైలి వివాదాస్పదం కావడానికి కారణాలను చర్చించండి.
2. బాబ్ స్త్రీలకు విముక్తినిచ్చిందా? ఆధారాలతో విమర్శించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. విడాల్ ససూన్ కృషిని అంచనా వేయండి.
2. తెలుగు సమాజంలో స్త్రీల జుట్టుకు, స్వేచ్ఛకు గల సంబంధం పాశ్చాత్య అనుభవం కన్నా ఎలా భిన్నమైనది?
3. మీ ఇంట్లో మూడు తరాల స్త్రీల ఛాయాచిత్రాలను పరిశీలించి, కేశశైలిలో వచ్చిన మార్పులను, ఆ నిర్ణయాలు ఎవరివో అడిగి తెలుసుకొని రాయండి.