భూమి ధర, మనిషి విలువ: చేవెళ్ల–మొయినాబాద్ దారిలో క్రైస్తవ విశ్వాసంపై ఒక పరిశీలన

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఇవాళ ఏ మాట మొదలైనా భూమి ధర దగ్గరికి చేరుతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడేందుకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దు పెట్టింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. కూరగాయలు, పూలు పండే చేలను ఇప్పుడు గజాల్లో లెక్కిస్తున్నారు. మరి ఇదే నేల మీద తరతరాలుగా సెంటు భూమి లేకుండా బతికినవాళ్లు తమ విలువను దేనితో తూచుకున్నారు? ఆ ప్రశ్నను ఇక్కడి దళిత క్రైస్తవుల వైపు నుంచి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా సాగే దారి వికారాబాద్ చేరుతుంది. ఈ ప్రాంతపు క్రైస్తవ చరిత్రకు ఆ ఊరే కేంద్రం. నిజాం రాజ్యపు పశ్చిమ భాగంలో అమెరికన్ మెథడిస్టులు పనిచేశారు. వాళ్ల మాట విన్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. దొరల గడీలకు వెట్టి చేస్తూ, ఊరి బావికి దూరంగా బతికిన జనం. ధారూరులో ఏటా నవంబరులో జరిగే మెథడిస్టు జాతర ఆ చరిత్రకు సజీవ సాక్ష్యం. జాతర అనే ఊరి సంప్రదాయాన్ని వాళ్లు వదులుకోలేదు, తమ ఆరాధనకు తెచ్చుకున్నారు.

వీళ్లు కూటికి, బట్టకు మతం మారారన్న ఆరోపణ పాతదే. దాన్ని గట్టిగా పరీక్షించినవాడు మెథడిస్టు మిషనరీ జె. వాస్కం పికెట్. భారతదేశంలోని సామూహిక మతాంతరాలపై ఆయన గ్రంథం 1933లో వెలువడింది. క్రైస్తవులు ఎందుకయ్యారని అడిగితే జవాబు చెప్పిన 3,947 మందిలో ఆత్మీయ కారణాలు చెప్పినవారు 34.8 శాతం. లౌకిక లాభం చెప్పినవారు 8.1 శాతమే. 22.4 శాతం మంది బంధువర్గం, సమాజం వెంట నడిచామన్నారు. మిగిలినవారు క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టినవారు. మిషనరీయే అడిగినప్పుడు జవాబులు కొంత ఆయనకు నచ్చేలా వచ్చి ఉంటాయన్నది న్యాయమైన అభ్యంతరం. అయితే నా దృష్టిలో ఈ శాతాలకన్నా ముఖ్యమైనది ఆయన చెప్పిన మరో సంగతి. ఏ కారణంతో వచ్చారన్నదానికన్నా, బాప్తిస్మం తర్వాత వాళ్లకు అందిన బోధన, క్రమం తప్పని ఆరాధనే విశ్వాస జీవితాన్ని ఎక్కువగా నిర్ణయించాయని ఆయన గ్రహించాడు.

దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లవచ్చు. 'దేవుడికి నువ్వు విలువైనవాడివి' అని బోధిస్తే మనిషికి ఓదార్పు దొరుకుతుంది. 'ఈ పని నీది' అని అప్పగించినప్పుడే ఆ విలువ అతనిలో నిలబడుతుంది. మెథడిజం పుట్టుకలోనే ఈ గ్రహింపు ఉంది. 1742లో బ్రిస్టల్‌లో మందిరం అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండేసి మందిగా విభజించారు. తలా ఒక పెన్నీ వసూలు చేసేందుకు గుంపుకొక నాయకుణ్ణి పెట్టారు. వసూలుకు ఇంటింటికీ వెళ్లిన నాయకుడు ఆ ఇళ్ల కష్టసుఖాలు విన్నాడు. అప్పు కోసం పుట్టిన ఏర్పాటే ఆత్మీయ సహవాసానికి పునాది అయింది. ఇచ్చేవాడిగా లెక్కలోకి రావడమంటే మనిషిగా లెక్కలోకి రావడమే.

తెలుగు సంఘాల్లో వంట వండే ముందు స్త్రీలు దేవుడి పేర తీసిపెట్టే పిడికెడు బియ్యానికీ ఇదే అర్థం. కూలి గింజలతో బతికే ఇల్లాలు తీసుకునే చేయి మాత్రమే కాదు, ఇచ్చే చేయి కూడా అయింది. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య బాప్తిస్మం పొందినవారిచేత వాళ్ల తలపైనే చేయి పెట్టించి, సువార్త చెప్పే బాధ్యత తమదేనని పలికించేవారు. అక్షరం రానివాడి మీద కూడా మొదటి రోజునుంచే ఒక కర్తవ్యం ఉండేది. బైబిల్ స్త్రీలుగా పిలిచే సంఘ బోధకురాళ్లు పల్లెలు తిరిగి ప్రార్థనలు నడిపారు, పాటలు నేర్పారు. కులమూ, ఆడపుట్టుకా రెండూ నోరు నొక్కిన చోట ఒక స్త్రీ నిలబడి నలుగురి ముందు సాక్ష్యం చెప్పడం చిన్న విషయం కాదు. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి నడిచిన పల్లెల్లో ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె పంచుకోవడం ఎంత పెద్ద మాటో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ విలువకు మూల్యం కూడా ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఆ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు కానీ క్రైస్తవులు బయటే మిగిలారు. తెలంగాణలో దళిత క్రైస్తవులు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లో ఉన్నారు. చేవెళ్ల ఎస్సీ రిజర్వుడు శాసనసభ నియోజకవర్గం. విశ్వాసాన్ని కాగితం మీద ఒప్పుకున్న దళితుడు అక్కడ ఆ సీటుకు పోటీ చేసే అర్హత పోగొట్టుకుంటాడు. సంఘాల లోపల మాల–మాదిగ అంతరం పూర్తిగా చెరగకపోవడం ఇంకా బాధ కలిగిస్తుంది. దాన్ని దాచి ఈ చరిత్ర రాయడం అన్యాయం.

మానవ గౌరవం క్రైస్తవుల సొంత ఆస్తి కాదు. 2018 ఏప్రిల్‌లో మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు సి.ఎస్. రంగరాజన్ హైదరాబాద్ జియాగూడలో ఒక దళిత భక్తుణ్ణి భుజాలపై మోసుకుంటూ గుడిలోకి తీసుకెళ్లారు. ఇరుగుపొరుగు విశ్వాసాలు ఒకే గాయానికి మందు వెతుకుతున్నాయి.

లూకా సువార్త 12వ అధ్యాయంలో భూమి బాగా పండిన ధనవంతుడి ఉపమానం ఉంది. కొట్లు పెద్దవి కట్టాలనుకున్న రాత్రే అతని ప్రాణం పోయింది. ఈ రెండు మండలాల్లో ఆ ఉపమానాన్ని ఇప్పుడు బోధించాలి. దీవెనను డబ్బుతో కొలిచే ప్రసంగాలు పల్లె సంఘాల్లోకీ చేరుతున్నాయి. అవి పిడికెడు బియ్యపు నీతికి పూర్తిగా విరుద్ధం.

పరిశోధకులకూ సంఘ పెద్దలకూ ఒక విన్నపం. పాత మందిరాల బాప్తిస్మపు, వివాహాల రిజిస్టర్లను చెదలకు వదలకండి. వెట్టి చేసిన తాతల పేర్లు గౌరవంగా రాసిపెట్టిన పుస్తకాలవి. వాటిని స్కాన్ చేయించండి, పెద్దవాళ్లు బతికుండగానే వాళ్ల సాక్ష్యాలను రికార్డు చేయండి.