ఇవాటా ఒబీ: జపాను గర్భిణుల నడికట్టు

గర్భము దాల్చిన స్త్రీకి అయిదవ నెల దాటునప్పటికి ఉదరభారము ముందునకు మొగ్గి, దానిని నిలువరించుటకై నడుము వెనుకకు వంగి, వెన్ను క్రిందిభాగమునందును కటికీళ్లయందును పీకుడు మొదలగుట సర్వదేశములయందును సామాన్యము. ఈ బాధకు మన యిండ్లలో నూనెమర్దనమును, కాపడమును, పుట్టింటి విశ్రాంతియు ఉపశమనములై యుండగా, జపానీయులు దానికై ఒక వస్త్రమును, ఒక దినమును, ఒక దేవాలయమును సైతము ఏర్పరచుకొనిరి. ఆ వస్త్రమే ఇవాటా ఒబీ. మన బాలింతలు కానుపైన పిమ్మట నడికట్టు కట్టుకొందురు. జపాను స్త్రీలు కానుపునకు కొన్ని నెలలు ముందుగనే దానిని చుట్టుకొందురు.

క్రీ.శ. 712లో వెలసిన కొజికీ యను ప్రాచీనగ్రంథమున, యుద్ధయాత్రలో నున్న జింగూ మహారాజ్ఞి ప్రసవమును వాయిదా వేయుటకై నడుమున రాళ్లు కట్టుకొన్నదను గాథ కలదు. ఒబీ పుట్టుకను తరువాతివారు ఆ గాథతో ముడిపెట్టిరి. పన్నెండు జంతువుల పేర్లు వరుసగా దినములకు చెల్లు వారి పంచాంగమున, అయిదవ నెలలో వచ్చు శునకదినమే ఈ కట్టునకు ముహూర్తము; శునకము సునాయాసముగా ఈనునను నమ్మకమే దీనికి హేతువు. వస్త్రమును పంపవలసినవారు పుట్టింటివారు. తెల్లగా చలువచేసిన ఆ నూలుగుడ్డను నిడివిపొడవునా రెండుగా మడిచి, మడత క్రిందికి వచ్చునట్లు పట్టుకొని, పొత్తికడుపు దిగువనుండి చుట్టనారంభించి, బరువును క్రిందినుండి ఎత్తిపట్టునట్లుగా కట్టుదురు. 1818లో ఎడో నగరమున వెలసి, 1872లో ఇప్పటి స్థలమునకు చేరిన సుయితెన్గూ దేవాలయమున, గంటకు వ్రేలాడు నూలుత్రాడు పాతబడగా దానిని ప్రసాదముగా గొనిపోయి ఒబీగా కట్టుకొన్న యొక గర్భిణి సుఖముగా ప్రసవించెనని చెప్పుకొందురు. నేటికిని శునకదినమున అచ్చట గర్భిణులు బారులు తీరుదురు.

ఇంతటి ఆచారమును నిర్భయముగా ధిక్కరించినవాడు కగావా గెన్‌ఎత్సు. 1700లో హికోనెలో జన్మించి క్యోటో చేరిన ఈతడు వైద్యుల వంశమున పుట్టినవాడు కాడు. పాత లోహపుసామానులు కొని యమ్ముకొనుచు, ఒళ్లుపట్టుటయు సూదిచికిత్సయు జేయుచు పొట్టపోసికొనెను. పొరుగున నొక స్త్రీ కాన్పు కష్టమై మృత్యుముఖమున నుండగా, త్రాసుకొక్కెమును సాధనముగా జేసికొని మృతశిశువును వెలికిదీసి, తల్లిని బ్రదికించెనని ఆతనిని గూర్చి చెప్పుదురు. 1765లో ఆతడు వెలువరించిన సన్‌రోన్ అను ప్రసూతిగ్రంథము జపాను వైద్యమునకు క్రొత్తదారి చూపెను. గర్భస్థశిశువు తల పైకి నుండి, నొప్పులు వచ్చినప్పుడు తలక్రిందులగునని పండితులెల్లరు నమ్ముచుండగా, ఈతడు గర్భిణుల ఉదరములను చేతితో తడవి చూచి, శిశువు అంతకు ఎంతో ముందునుండియే తల క్రిందుగ నుండునని నిర్ధారించెను. ఇంచుమించు ఆ కాలముననే ఇంగ్లండునందు విలియం స్మెల్లీయు ఇదే తెలిసికొనెను. ఒకరి మాట ఒకరెరుగరు.

ఆ గ్రంథముననే కగావా రెండు ఆచారములపై కత్తి దూసెను. కానుపైన స్త్రీని ఏడు దినములు పండుకొననీయక నిటారుగా గూర్చుండబెట్టు కుర్చీ యొకటి. రెండవది ఈ ఒబీ. శిశువు మితిమీరి పెరిగి కానుపు కష్టమగునేమో యను భయముచే ఉదరమును గట్టిగా బిగించుట తల్లికిని బిడ్డకును చేటని ఆతడు వాదించెను. కుర్చీ కాలగర్భమున గలిసెను. ఒబీ మాత్రము నిలిచినది. కగావావంటి మేధావి మాటను కాదని లక్షలాది స్త్రీలు దానిని విడువకుండుటను కేవలము మూఢవిశ్వాసమని త్రోసిపుచ్చుటకు నా మనస్సు ఒప్పదు. బిగింపువలని కీడును ఆతడు చూచెను. క్రిందినుండి లభించు ఆసరా నడుమున కెంత హాయియో, గర్భమును మోసిన స్త్రీకే తెలిసినది. ఒకే గుడ్డ చుట్టువిధమును బట్టి హితమును అహితమును గూడ కాగలదు గనుక, ఈ వివాదమున ఉభయులును సత్యమునే పలికిరని నా యభిప్రాయము.

కటికీళ్లు గర్భకాలమున సడలునను సంగతిని 1870లో స్నెల్లింగ్ అను వైద్యుడు అమెరికానందు విపులముగా వ్రాసెను. 1926లో ఫ్రెడరిక్ హిసా గినీపందులపై పరీక్షలు జరిపి, ఈ సడలింపునకు గర్భిణి రక్తమునందలి యొక ద్రవ్యము కారణమని చూపెను, అదియే రిలాక్సిన్. అయినను ఆ ద్రవ్యమెంత యెక్కువయో నొప్పియు నంత యెక్కువ యనుట రుజువు కాలేదు. మోయు భారము, కండరముల బలము, పూర్వపు దెబ్బలు ఇందు పాలుపంచుకొనును. 2008లో ఐరోపా నిపుణులు కూర్చిన సూచనలలో, గర్భిణులలో నూటికి ఇరువదిమందికి కటివలయపు నొప్పి కలుగునని పేర్కొని, ఎవరికి తగిన వ్యాయామము వారికి నేర్పుట ముఖ్యమనియు, నడుపట్టీని ఉపశమనము కలుగునేమో చూచుటకై కొద్దికాలము మాత్రమే ధరింపవచ్చుననియు జెప్పిరి.

కావున మన యిండ్లలో చూలాలు నడుము నొచ్చుచున్నదన్నప్పుడు, కడుపుతో నున్నవారికి ఇది మామూలేయని పెద్దలు మాట దాటవేయవలదు. ఒంటికాలిపై నిలువక కూర్చుండియే బట్టలు కట్టుకొనుట, ప్రక్కకు తిరిగి పండుకొని మోకాళ్లనడుమ దిండు నుంచుకొనుట, బరువులు ఇతరుల కప్పగించుట, ఇవి ఏ ఖర్చును లేని ఉపాయములు. పట్టీ వాడదలచినచో వైద్యుల నడిగి, ఉదరమును నొక్కకుండ తుంటియెముకల చుట్టును కట్టుకొనవలెను. నొప్పి విడిచి విడిచి వచ్చుచున్నను, రక్తస్రావమో జ్వరమో తోడైనను, ఇంటివైద్యమునకు కూర్చుండక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండు.